ఏరు తెలిసిన కంప్యూటర్

"చూడండి, ఎంత ముద్దుగా తిరుగుతోందో!" అన్నాడు ఇంజనీరు, కంప్యూటర్ తెర మీది మూడు రెక్కల నీటి టర్బైన్‌ను చూసి మురిసిపోతూ.

మూడో అంతస్తులో, ఏసీ గదిలో, కుర్చీ దిగకుండా ఆయన ఒక ఏటిని పారిస్తున్నాడు. మంత్రాలకు చింతకాయలు రాలవంటారు. ఈయనగారి మౌస్ నొక్కుడికి మాత్రం కొండ మీది పల్లెలో దీపాలు వెలుగుతున్నాయి. తెర మీద లెండి.

ఎదురుగా నిలబడ్డ పెద్దాయన రెండు బస్సులు మారి ఆ పల్లె నుంచే వచ్చాడు. కూర్చోమన్న పాపాన ఎవరూ పోలేదు.

"బాబూ, మిషను ఆ ఏట్లో పెట్టొద్దు. వేసవిలో నాలుగు నెలలు చుక్క నీరుండదు. పక్క లోయలో ఊటవాగు ఉంది, అదెప్పుడూ ఎండదు. అక్కడ పెట్టండి."

"మీరెంతవరకు చదివారు?"

"ఐదు."

ఇంజనీరు నవ్వాడు. పక్క బల్ల దగ్గరి అసిస్టెంటమ్మాయి కూడా నవ్వింది. జీతం అందుకూ కలిపే ఇస్తారు కాబోలు.

"నా దగ్గర పదిహేనేళ్ల లెక్కలున్నాయి పెద్దాయనా! రోజూ ఏటి లోతు కొలిచి పంపిన అంకెలు. ఒక్క రోజు తప్పలేదు. నడివేసవిలో కూడా నాలుగడుగులు! అవన్నీ ఇందులో వేసి నడిపితే ఏడాది పొడుగునా టర్బైన్ ఆగలేదు."

"మీరు ఒక్కసారి వచ్చి చూస్తే..."

"కాళ్లు తడవకుండా పని చెయ్యడానికేనండీ ఇంత చదివింది."

"ఉన్నది ఒక్క మిషనే కదా బాబూ. మా అమ్మాయి మా ఊళ్లోనే నర్సు. ఫ్రిజ్జుకు కరెంటు లేక పసిపిల్లల టీకా మందులు ఎండలకు పాడైపోతున్నాయి. పోయినేడు ఇద్దరు పిల్లలు..."

"అందుకేగా పెడుతున్నాం! సరే, ఈ లెక్కలు తప్పని మీకెలా తెలుసు? రుజువేదీ?"

పెద్దాయన నోరు తెరిచాడు. అసిస్టెంటమ్మాయి వైపు చూశాడు. గోడ వైపు చూశాడు. నోరు మూసేసుకున్నాడు.

"అదీ సంగతి!" అన్నాడు ఇంజనీరు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి. ఆ కాళ్లను కంప్యూటర్ కూడా లెక్కపెట్టి మూడేనంటే ఇక పట్టుకోగలమా? ఏట్లోనే పెట్టాలని రాసి, సంతకం చేసి, అప్పటికప్పుడే పై ఆఫీసుకు పంపించేశాడు.

పెద్దాయన దండం పెట్టి, మెట్లు దిగి, బస్టాండు దారి పట్టాడు.

ఏరు ఎండిందని రాస్తే నీళ్లు కొలిచే తన ఉద్యోగం ఎత్తేస్తారన్న భయంతో, పదిహేనేళ్లుగా ప్రతి వేసవిలోనూ ఒట్టి ఇసుక ముందు కూర్చుని ఆ అంకెలన్నీ కల్పించి పంపింది ఆయనే.