చాయ్ తాగని సారు

కింది వాడలో మురుగు పారే మోరీని ఎవరో కొత్త మనిషి కట్టె పెట్టి కెలుకుతున్నాడని, బజార్లు ఊడ్చే మొగిలవ్వ రొప్పుకుంటూ వచ్చి చెప్పింది.

"మేడం, అచ్చినట్టే ఉన్నడు!"

పంచాయతీ సెక్రటరీ రజని ఫోన్ పక్కన పడేసి లేచింది.

పెద్దాఫీసు నుంచి ఒకాయన చెప్పాపెట్టకుండా ఊళ్లు చూడటానికి వస్తాడని మండలంలో నిన్ననే అన్నారు. మామూలు బట్టల్లో, బస్సులో కూడా రావచ్చట. ఆయన వేసే మార్కులు డెబ్బై దాటితేనే రజని ఉద్యోగం పర్మినెంట్.

ఆ ఉద్యోగం మీద ఆమెకు ఇంకో ఆశ కూడా ఉంది. సిరిసిల్లలో మరమగ్గాలు ఆగిపోయాక భర్త నరేశ్ మస్కట్ పోయాడు. "నీ నౌకరి పక్కా అయితే తెల్లారే ఇంటికి టికెట్ చేసుకుంట" అని ఫోన్ చేసినప్పుడల్లా అంటాడు.

రాయికల్ దగ్గరి ఆ చిన్న ఊళ్లో రజని రోజూ పొద్దున్నే ఊడ్చిన బజార్లనూ మోరీలనూ ఫొటోలు తీసి యాప్‌లో ఎక్కిస్తుంది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, కింది వాడ మోరీని మాత్రం కొంచెం దూరం నుంచే తీస్తుంది.

ఈయన సరిగ్గా అక్కడే నిలబడ్డాడు. ఏం ఖర్మో!

"నమస్తే సార్!" అంది ఉరికొచ్చి.

యాభై దాటిన మనిషి. మాసిన చొక్కా, చంకలో సంచి. వేరే ఎవరినో అంటోందనుకుని ఒకసారి వెనక్కి చూసుకున్నాడు.

"నమస్తే బిడ్డా. నువ్వెవలు?"

"గీ ఊరి సెక్రటరీని సార్. మీరు యాడికెళ్లి అచ్చిండ్రు?"

"కోరుట్ల నుంచి. ఊరు చూసిపోదామని అచ్చిన."

మొగిలవ్వ 'నేను చెప్పలే!' అన్నట్టు కళ్లెగరేసింది.

"ఆఫీసుకు రాండ్రి సార్, చాయ్ తాగుదురు."

"ఇప్పుడద్దు. సంగతి తేలినంక తాగుత."

అబ్బో, చాయ్ కూడా ముట్టని ఆఫీసర్! ఇక తన పని అయిపోయినట్టే అనుకుంది రజని.

"మోరి గిట్ల జామైతే దోమలు గావా? పసిపిల్లలు ఎట్ల పండుకుంటరు?"

"రేపు తీపిస్త సార్."

"రేపెందుకు? పార లేదా?"

మొగిలవ్వ పార తెచ్చింది. ఆయన దాన్ని అందుకుని, ప్యాంటు మడిచి, తనే మోరీలోకి దిగాడు.

అంత పెద్ద సారు మోరీలో దిగితే సెక్రటరీ గట్టు మీద నిలబడుతుందా? రజని కూడా కొంగు దోపుకుని ఇంకో పార పట్టింది. వాడంతా వచ్చి చోద్యం చూసి, చివరికి వాళ్లూ చేతులు వేశారు. ఎండ ముదిరేలోగా మోరీ పారింది.

"నల్ల నీళ్లు ఎప్పుడొస్తయి?"

"పొద్దున ఆరింటికి సార్."

"గా స్తంభానికి బుగ్గ వెలుగుతదా?"

వెలగదు. రజని అప్పటికప్పుడు కరెంటు మనిషిని పిలిపించి కొత్త బల్బు పెట్టించింది.

ఆ స్తంభం పక్కది ముత్తయ్య ఇల్లు. దాని వంక ఒకసారి చూసి, ఆయన ఆ పక్కింటి అరుగు మీద కూర్చున్నాడు. అక్కడ ఊర్మిల చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆమె భర్త సౌదీలో ఉంటాడు.

"ఒక్కదానివే ఉంటవా బిడ్డా?"

"ఔను కాకా. మా అత్త ఉండె, పోయినేడు కాలం జేసింది."

"పానం బాగలేకుంటే ఎవల్ని పిలుస్తవు మరి?"

"రజనక్కకు ఫోన్ చేస్త."

"అస్తదా?"

"రాకేంది? వానల్ల నాకు జరమొస్తే స్కూటీ మీద జగిత్యాల దవాఖానకు తీస్కపోయింది. మూడు రోజులు అన్నం కూడ తెచ్చింది."

రజనికి ఇదంతా వినే ఓపిక లేదు. జ్వరాలకు యాప్‌లో గడి లేదు. సారు మోరీ గురించి మనసులో ఏమనుకున్నాడోనన్నదే ఆమె బెంగ.

ఆయన బస్సెక్కబోతుంటే రజని ఉండబట్టలేక అడిగేసింది.

"మా ఊరు ఎట్లున్నది సార్?"

"ఇంటికి పోయి ఆలోచన చేసి చెప్త."

ఆ మాటతో ఆమెకు ఏడుపొచ్చింది. "టికెట్ సంగతి ఇగ మర్చిపో, నాకు నమ్మకం లేదు" అని నరేశ్‌కు ఫోన్‌లో చెప్పి ముక్కు తుడుచుకుంది.

ఆ వారంలోనే ఒక కారు వచ్చింది. ఇద్దరు దిగారు. పారుతున్న మోరీని, వెలుగుతున్న బుగ్గను ఫొటోలు తీసుకుని, కుర్చీల్లో కూర్చుని చాయ్ తాగి అరగంటలో వెళ్లిపోయారు.

మార్కులు వచ్చాయి. డెబ్బై దాటి ఇంకా పైకే పోయాయి. అవతల నరేశ్ ఫోన్‌లోనే ఈల వేశాడు.

ఆ సంతోషంలో రజని మండలాఫీసుకు ఫోన్ చేసి అడిగింది.

"కారుల అచ్చినోళ్ల కంటె ముందుగాల ఒక సారు అచ్చిండు గదా, ఆయన పేరేంది?"

"ముందు ఎవలు అచ్చిండ్రమ్మా? పెద్దాఫీసోళ్లంటే గా కారుల అచ్చినోళ్లే."

రజని ఫోన్ పెట్టేసి, "మరి గా మోరీల దిగిందెవలు?" అని మొగిలవ్వను అడిగింది.

ఆదివారం పంచాయతీ ఆఫీసు మెట్ల మీద అదే మనిషి కనబడ్డాడు. ఈసారి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పక్కన కింది వాడ ముత్తయ్య ముసిముసిగా నవ్వుతున్నాడు.

"బిడ్డా, గానాటి చాయ్ ఇప్పుడియ్యి."

చాయ్ తెచ్చి చేతికిచ్చింది గానీ రజనికి మనసు నిలవలేదు.

"నిజం చెప్పుండ్రి సార్, మీది ఏ ఆఫీసు?"

"ఆఫీసేంది? నా పేరు జలపతి, కోరుట్లల మేస్త్రి పని చేస్త. గీ ఊళ్లె అందర్ని సార్ అంటరేమో, మంచి మర్యాద గల్ల ఊరనుకున్న!"

మొగిలవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆయన చాయ్ ఊదుకుని, ఒక గుక్క తాగి అన్నాడు:

"ముత్తయ్య కొడుకు పెండ్లైన నెలకే దుబాయి పోతడట, మా పిల్ల శ్రీజ ఈడ ఒక్కతే ఎట్లుంటదో చూసిపోదామని అచ్చిన బిడ్డా, గా ఊర్మిల నీ పేరు చెప్పినంకనే నా పిల్లనిస్త అన్న."