వాగవతలి ఓట్లు

"సంతకం వద్దక్కా. నేను నిలబడతలేను."

పెన్ను పట్టుకున్న ప్రభావతి చెయ్యి ఆగిపోయింది. అది 2016 ఆగస్టు, న్యూజిలాండ్‌లో చలికాలం. పాపటోయిటోయి లోకల్ బోర్డు ఎన్నికలకు నామినేషన్ గడువు మర్నాటితో ముగుస్తుంది. అభ్యర్థిని ఇద్దరు ప్రతిపాదించాలి. వీధి మలుపులో డైరీ, అంటే చిల్లర కొట్టు, నడిపే ఫిజీ ఆంటీ అప్పుడే సంతకం పెట్టేసింది. ఇక ప్రభావతిదే మిగిలింది.

"ఏమైంది వర్షిణీ? స్కూలు ముందు క్రాసింగ్ కోసం ఎన్ని మీటింగులకు తిరిగినవ్! వేర్‌హౌస్ ట్రక్కులు అట్లనే పోతున్నయ్, పిల్లలు అట్లనే రోడ్డు మీద ఉరుకుతున్నరు. నువ్వు బోర్డుల ఉంటేనే ఆ పని అయితదని అందరం అనుకుంటున్నం గద."

వర్షిణి తల దించుకుంది.

"నాన్న ఫోన్ చేసిండక్కా. మీ తాత ఎలక్షన్లల్ల ఓడి ఓడి ఇంటి పరువు తీసిండు, నువ్వు దేశం గాని దేశంల గూడ అదే చేస్తవా అన్నడు. మా ఇంట్ల ఎవరన్న పరీక్ష తప్పితే 'తాత పోలిక' అంటరు. నాకా పేరు వద్దు."

హీటరు పక్కన శాలువా కప్పుకుని కూర్చున్న ప్రభావతి తండ్రి తల తిప్పి చూశాడు. కూతురి దగ్గర కొన్నాళ్ళు ఉందామని ఈమధ్యే వచ్చాడాయన.

"ఏ ఊరు బిడ్డా మీది?"

"కొండవాగు దగ్గర, అంకుల్."

"తాత పేరు?"

"రాజారావు."

పెద్దాయన చప్పున లేచి నిలబడ్డాడు. మోకాళ్ళ నొప్పితో మనిషి సాయం లేనిదే లేవని తండ్రి అలా లేవడం చూసి ప్రభావతి కంగారు పడింది. ఏదో అనబోతే ఆయన చేత్తో వారించాడు.

"రాజారావు మనవరాలివా! కూసో బిడ్డా, ఇట్ల కూసో." తనూ ఎదురుగా కూర్చున్నాడు. "కొండవాగు ఒకప్పుడు లోక్‌సభ నియోజకవర్గం, ఎరుకేనా?"

"విన్న. ఇప్పుడు లేదంట గద."

"లేదు. డీలిమిటేషన్ల ముక్కలు చేసి తలా దిక్కు కలిపిన్రు. ఇప్పుడు మ్యాపుల వెతికినా దొరకదు. ఉన్నన్నాళ్ళు మాత్రం అదొక రాజ్యం! సగం అడివి, సగం వరిపొలాలు, నడుమ వాగు. ఇవతల ఊళ్ళన్ని మీ తాత దిక్కు, అవతలియి వేరే పార్టీ దిక్కు. వాగు దాటి మీ తాతకు ఏనాడూ ఓట్లు రాలలే. అయినా ప్రతిసారి నిలబడేటోడు. ఆయన నిలబడ్డడు గాబట్టే గెలిచినోళ్ళు భయానికి ఒక బోరింగో, ఒక బడో ఇచ్చిన్రు. ఎదురు లేకుంటే ఎవడిస్తడు?"

వర్షిణి ఆశ్చర్యంగా చూసింది. తాత గురించి ఎవరూ ఆ గొంతుతో మాట్లాడగా ఆమె వినలేదు.

"ఒకపారి ఉప ఎన్నిక వచ్చింది. వానాకాలం. పోలింగ్ అయిపోయినంక ఆకాశానికి చిల్లు పడ్డట్టు వాన. వాగు పొంగింది. అవతలి ఊళ్ళ ఓట్ల పెట్టెలన్ని ఒడ్డు మీది బడిల ఉన్నయ్. నీళ్ళు బడి మెట్లెక్కినయ్. పోలింగోళ్ళు ఏడుస్తున్నరు. నేను అవతలి ఒడ్డు మీదనే ఉన్న బిడ్డా, కండ్లార చూసిన."

"తాత ఎక్కడున్నడు?"

"ఇవతలి ఒడ్డున, తన మనుషులతోని. వాళ్ళకు పండుగే. పెట్టెలు కొట్టుకపోతే మళ్ళ పోలింగ్ పెట్టాలె. ఆ వానల అడివి ఊళ్ళోళ్ళు మళ్ళ రారు. గెలుపు మనదే అని ఒకటే కేకలు."

"మరి తాత?"

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"'ముసలోళ్ళు గూడ బురదల నడిచొచ్చి ఏసిన ఓట్లురా అవి. నాకు పడకపోతే మాత్రం నీళ్ళల్ల పోనిస్తమా' అన్నడట. నడుముకు మోకు కట్టుకొని వాగుల దుంకిండు. మేమందరం ఇగ పోయిండనే అనుకున్నం. ఈదుకుంట వచ్చి ఆ మోకును బడి స్తంభానికి కట్టిండు. పోలింగోళ్ళు, పోలీసులు పెట్టెలు నెత్తిన పెట్టుకొని దాన్ని పట్టుకొని దాటిన్రు. ఆఖరు మనిషి దాటేదాక ఈయన నడి వాగుల రొమ్ము లోతు నీళ్ళల్ల నిలబడే ఉన్నడు."

వర్షిణి కళ్ళు చెమర్చాయి. "గెలిచిండా అంకుల్?"

"లేదు. కొద్దిల పోయింది. ఆ పెట్టెలే ఓడగొట్టినయ్."

పెద్దాయన జారిన శాలువా భుజాల మీదికి లాక్కున్నాడు.

"కౌంటింగ్ అయినంక గెలిచినాయన దగ్గరికి తనే పోయి దండ ఏసిండు. 'వాగు మీద బ్రిడ్జి మరువకు' అన్నడు. అంతే. ఇంటికి పోయి ఈ ముచ్చట చెప్పి ఉండడు. చెప్పుకునే మనిషి గాదు."

"బ్రిడ్జి కట్టిన్రా?"

"కట్టిన్రు. దానికేం పేరు రాయలే. జనమే రాజారావు బ్రిడ్జి అని పిలుస్తరు. కొండవాగుల గెలిచిన ఎంపీల పేర్లు అడుగు, ఒక్కరు చెప్పలేరు. ఓడిన రాజారావు పేరు మాత్రం అవతలి ఊళ్ళల్ల పిల్లలకు పెట్టుకున్నరు. 'తాత పోలిక' అంటే తిట్టు గాదు బిడ్డా. అది దొరకాలంటే అదృష్టం ఉండాలె."

వర్షిణి ముఖం తుడుచుకుంది. టేబుల్ మీది నామినేషన్ కాగితాన్ని ప్రభావతి వైపు జరిపింది.

"పెట్టక్కా. ఓడితే ఓడిత."

ప్రభావతి సంతకం పెట్టింది. వర్షిణి వెళ్ళబోతూ వంగి పెద్దాయన పాదాలు తాకింది.

"మీరు తాత వెంట చాన ఏండ్లు తిరిగినట్టున్నరు. ఆయన పార్టీలనే ఉండేటోళ్ళా అంకుల్?"

పెద్దాయన ఆమె తల మీద చెయ్యి పెట్టాడు.

"లేదు బిడ్డా, ఆయన మీద గెలిచింది నేనే."