పద్నాలుగో గడి

"పద్నాలుగో గడి మాటిమాటికి ఎర్రగైతుంది నరేశ్! కస్టమర్ ఫోన్ల మీద ఫోన్లు చేసి నా పానం తింటుండు" అంటూ రాంప్రసాద్ సేఠ్ పొద్దున్నే ఫోన్‌లో మొదలుపెట్టాడు.

కరోనా రెండోసారి విరుచుకుపడిన రోజులవి. కోసాడ్ కాలనీ క్వార్టర్‌లో, వంటింటి గడప పక్కనే నరేశ్ ఆఫీసు. సచిన్ పారిశ్రామికవాడలో అతను పనిచేసే సేఠ్ కంపెనీ, మరమగ్గాల కార్ఖానాలకు అంకెలు చూపే బోర్డులు చేస్తుంది. వర్చువల్ మెషీన్‌లో, అంటే కంప్యూటర్ లోపలే నడిచే ఇంకో కంప్యూటర్‌లో, ఒక ప్రోగ్రామ్ వైర్ల నుంచి అంకెలు తెచ్చి ఉమ్మడి మెమరీ ఫైల్లో పెడుతుంది. ఇంకొకటి వాటిని తీసి బోర్డు మీది గడుల్లో చూపిస్తుంది. కొత్త అంకె రాకపోతే ఎర్రర్. గడి ఎర్రబడుతుంది.

"వైరు వదులైందేమో, జర చూసుకోమనుండ్రి సేఠ్."

"చూసెటందుకు వాళ్ల దగ్గర మనుషులేడున్నరు? ఎర్రర్ వస్తే పాత అంకెనే చూపియ్. ఎరుపు కనబడొద్దు."

నరేశ్‌కు మనసొప్పలేదు. కానీ మగ్గాల చప్పుడులో పెరిగినవాడు. నడిచే మగ్గం ఆగితే బోర్డుతో పనేముంది, చెవికే తెలిసిపోతుంది. ఆ ధీమాతో ప్రోగ్రామ్‌లో రెండు లైన్లు రాసి పంపేశాడు. సేఠ్ శభాష్ అన్నాడు.

నిజానికి నరేశ్ ప్రాణమంతా ఆస్పత్రిలో ఉన్న బాపు మీదే ఉంది. పక్క బిల్డింగులో ఉండే వినోద ఆ వార్డులోనే ఆయా. ఫోన్ చేస్తే బాపు సోమలింగం ఆక్సిజన్ ఎంతుందో చూసి చెబుతుంది. నిన్నంతా ఆ అంకె ఎక్కుతూ దిగుతూ ఇంట్లో ఎవరినీ కుదురుగా ఉండనివ్వలేదు.

ఈరోజు పొద్దున తొంభై మూడు. మధ్యాహ్నం అడిగితే, "తొంభై మూడే ఉంది. ఫికర్ చేయకు తమ్మీ" అంది.

"నిలబడ్డడురా మీ బాపు!" అని తల్లి కొమురవ్వ ఏడుస్తూనే నవ్వింది. సమ్మక్కకు మొగుడి ఎత్తు బెల్లం మొక్కుకున్న మనిషి. మేడారం పోయేదాకా ఆగలేక, ఇంట్లో ఉన్న బెల్లం ముక్కలు కొట్టి గుమ్మం ముందుకొచ్చిన అమ్మలక్కల చేతుల్లో పెట్టింది. నరేశ్ కూడా ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. దిగులుతో వారం రోజులుగా తెలియని రుచి ఇప్పుడు నాలుకకు తెలిసింది.

అది కరగకముందే వినోద ఫోన్ చేసింది.

"ముక్కు పైపు, వేలి క్లిప్పు ఎప్పుడు ఊడినయో ఏమో తమ్మీ, దుప్పటి మార్వవోతే బాపు ఒళ్లు సల్లగుంది, మీ సచిన్ కంపెనీ నుంచే తెచ్చి పెట్టిన కొత్త బోర్డు మీద, ఆయన పద్నాలుగో గడిల, ఇప్పటికీ తొంభై మూడే ఉంది."