స్తంభం మీది పేజీ

తెల్లవారేసరికి స్తంభం మళ్లీ బోసిగా ఉంది.

హంఫ్రీ లాంబ్‌టన్‌కు ఒళ్లు మండింది. లండన్‌లో సెయింట్ పాల్స్ చర్చి ఆవరణలో అతనిది నీలి కొంగ బొమ్మ ఉన్న పుస్తకాల కొట్టు. కొత్త పుస్తకం మొదటి పేజీని ప్రచారం కోసం కొట్టు ముందు స్తంభానికి మేకుతో కొట్టడం అక్కడ అందరూ చేసేదే. పుస్తకం పేరు, రాసినవాడి పేరు, కొట్టు గుర్తు అన్నీ అందులోనే ఉంటాయి. ఇతని పేజీ మాత్రం రోజూ మాయం.

అది తిమింగలాల వేట మీద ఓ నావికుడు రాసిన పుస్తకం. అచ్చు పూర్తయ్యేలోపే పాపం అతను సముద్రంలో పోయాడు. పుస్తకం మాత్రం బాగానే కదులుతోంది. కొనేది ఎక్కువగా రేవులో ఓడవాళ్లు.

మర్నాడు హంఫ్రీ తలుపు చాటున కాపు కాశాడు. దొంగ దొరికింది. ఆల్చిప్పలు అమ్ముకునే ఆడమనిషి, నెత్తిన బుట్ట.

"పొట్లాలు కట్టుకోడానికి నా కాగితమే దొరికిందా నీకు?"

"పొట్లాలకు కాదయ్యా..."

"మరి చదువుకోడానికా? ఏదీ, రెండక్షరాలు చదువు చూద్దాం!"

ఆమె తల దించుకుంది. పక్క కొట్లవాళ్లు పగలబడి నవ్వారు.

"మళ్లీ ఇటు వచ్చావో, కానిస్టేబుల్‌కి పట్టిస్తా!"

ఆమె పేజీ ముడతలు సాపు చేసి, అతని చేతికిచ్చి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

ఆ తర్వాత పేజీ ఎండకు ఎండి, వానకు నాని స్తంభానికే ఉండిపోయింది. ఏం మాయరోగమో, ఆ పుస్తకం అడిగే నాథుడే లేడు.

"అమ్ముడుపోని ఆ పుస్తకం కుట్టని కాగితాలు కొట్టు నిండా ఎలుకల పాలవుతున్నాయి. పచారీ కొట్టుకు ఇచ్చి పారెయ్యండి, మిరియాలన్నా కట్టుకుంటారు" అంది భార్య మార్జరీ.

ఇచ్చేశాడు.

ఆ మర్నాడే ఓ పడుచు నావికుడు వచ్చాడు. చేతిలో మేకు చిల్లున్న పాత పేజీ.

"నీలి కొంగ కొట్టు ఇదేనా పెద్దాయనా? ఇదొకటి ఇయ్యి."

"లేదు నాయనా. అన్నీ నిన్ననే మిరియాల పొట్లాలకు పోయాయి."

"అయ్యయ్యో! మొత్తం చదివి వినిపిస్తానని ఆమెకు మాటిచ్చానే!"

"ఎవరికి?"

"రేవులో ఆల్చిప్పలావిడకి. మా ఓడవాళ్లందరికీ ఈ కాగితాలు పంచి, కొనుక్కోండని బతిమాలేది ఆమేగా."

"ఆమెకు... చదువు రాదుగా?"

"రాదు. ఈ పేజీలో ఒక్కచోటు మాత్రం తెలుసు."

నావికుడు పుస్తకం రాసినవాడి పేరు మీద వేలు పెట్టాడు.

"ఇక్కడ ఇలా తడిమి, 'ఇది మా ఆయన' అంటుంది."