రాహుకాలంలో డిక్కీ

సోమవారం ఎనిమిదింబావుకు పురోహితులు చయనులు గారి చిన్న కారు గృహప్రవేశం ఇంటి ముందు ఆగింది. ముహూర్తం తొమ్మిదీ పదికి. పూజాసామగ్రి అంతా డిక్కీలోనే ఉంది.

"ఇది రాహుకాలం. తొమ్మిది దాకా డిక్కీ తెరవను," అంది కారు.

కార్లన్నీ పంచాంగం ప్రకారమే నడవాలని పోరాడి సాధించిన సంఘానికి ఆయనే అధ్యక్షులు.

"అన్నీ సర్దడానికే ముప్పావుగంట పడుతుందే తల్లీ!" అని కారుని బతిమాలారు.

ఇంటావిడ సుభాషిణి వంగి డ్రైవరు సీటు కింద తడిమింది.

"పాత కార్లకి ఇక్కడో మీట ఉండేదండీ. ఇదిగో, దీనికీ ఉంది! కానీ రాహుకాలం కదా, లాగమంటారా?"

"రాహుకాలం లేదు, గీహుకాలం లేదు. లాగమ్మా!"

డిక్కీ తెరుచుకుంది. కారు వీధంతా వినపడేలా చెప్పింది:

"దోషం తగిలింది. వెంటనే శాంతి చేయించుకోండి. మీకు దగ్గర్లో ఉన్న పురోహితులు, చయనులు గారు."