కొంచెం ఎడమకి

ఇంట్లో మొగుడూ పెళ్ళాం మాటలు మానేస్తే మధ్యలో ఉన్న మూడో మనిషికి మెడ పట్టేస్తుంది. ఈ సంగతి ఎవరూ పట్టించుకోరు.

"అమ్మా, కూరలో ఉప్పు లేదని చెప్పు."

"అత్తయ్యా, ఉప్పు డబ్బా ఎదురుగానే ఉందని చెప్పండి."

ముగ్గురూ కూర్చున్నది ఒకే బల్ల దగ్గర. మధ్యలో ఉన్న పెద్దావిడ కొడుకు వైపోసారి, కోడలి వైపోసారి చూసి, అన్నం కలుపుకుంది.

గొడవంతా కర్టెన్లది. కోడలు ముచ్చటపడి లేతాకుపచ్చ కర్టెన్లు కొని తగిలిస్తే, కొడుకు చూసి, "డాక్టరుగారు ఎన్నింటికొస్తారు?" అన్నాడు. అదీ చుట్టాల ముందు. అప్పట్నుంచీ మాటల్లేవు.

ఆ మధ్యాహ్నం టీవీ పెడితే బొమ్మ లేదు. నీలం తెర మీద 'సిగ్నల్ లేదు' అని ఒక్క ముక్క. సాయంత్రం అతనికి ఫైనల్ మ్యాచ్. అది అవగానే ఆమెకి, ఏళ్ళ తరబడి చూస్తున్న సీరియల్ ఆఖరి భాగం. మెకానిక్‌కి ఫోన్ చేస్తే రేపొస్తానన్నాడు.

కొడుకు స్పానర్ పట్టుకుని మేడెక్కాడు. కోడలు టీవీ ముందు కూర్చుంది. వార్తలు మొయ్యడానికి పెద్దావిడ మెట్ల మీద నిలబడింది.

"డిష్ బాగానే ఉందమ్మా! దాని ముందు కడ్డీకి ఉండే రిసీవరే పక్కకి తిరిగిపోయింది!"

"కాకులు వాలుతున్నాయిరా నాయనా."

"తిప్పుతున్నా. సిగ్నల్ ఎంతో అడుగు."

"ఎంతమ్మాయ్?"

"ముప్ఫై... కాదు కాదు, ఇరవై అయిపోయింది అత్తయ్యా!"

ఈ కబురు పైకి చేరేసరికి అతను ఇంకాస్త తిప్పేశాడు.

"ముప్ఫై అట్రా, తర్వాత ఇరవై అట."

"ఇది ఇప్పటి ఇరవయ్యా, ఇందాకటి ఇరవయ్యా?"

"నాకేం తెలుసురా! మీ అంకెలేవో మీరే చెప్పుకోండి. నాకు దగ్గొస్తోంది." పెద్దావిడ మెట్ల మీదే కూలబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

పైన స్పానర్ మరోసారి కిర్రుమంది. తర్వాత కిటికీలోంచి కోడలు గాలికి చెప్పినట్టు, "నలభై!" అంది.

పైనుంచి అతను ఆకాశానికి చెప్పాడు. "ఎటు తిప్పాలో ఎవరైనా చెప్తే బాగుణ్ణు!"

"కొంచెం ఎడమకి!"

"ఎవరి ఎడమకి?"

"మీ ఎడమకే! వాచీ ఉన్న చేతివైపు!"

"వాచీ తీసేశాను!"

"నేను కొనిచ్చిన వాచీయేగా! తియ్యకేం చేస్తారు!"

"చెమటకి పాడైపోతుందని తీశానే!"

కిటికీలోంచి వచ్చే గొంతు కాస్త మెత్తబడింది.

"యాభై... అరవై... అయ్యో, పోయింది! నిదానంగా తిప్పలేరా?"

"ఇంతకంటే నిదానమంటే తిప్పకపోవడమే! ఆ కర్టెన్ పక్కకి లాగు, నీ మాట సరిగ్గా వినపడట్లేదు."

"ఏ కర్టెన్? ఆసుపత్రి కర్టెనా?"

పైన స్పానర్ ఆగిపోయింది.

"బాగానే ఉన్నాయిలే!"

"వినపడలేదు!"

"కర్టెన్లు బాగున్నాయి! తప్పు నాదే!"

నాలుగో ఇంటాయన బాల్కనీలోకొచ్చి, "మాకు వినపడిందండీ, ఇక బోల్టు బిగించండి," అన్నాడు.

కోడలు పకపకా నవ్వింది. నవ్వుతూనే అరిచింది. "తొంభై! ఏవండీ, వచ్చేసింది! ఇంక ముట్టుకోకండి!"

ఆ సాయంత్రం మ్యాచ్ ఇద్దరూ కలిసి చూశారు. సీరియల్ కూడా. చివర్లో ఏడ్చింది ఆమె కాదు.

ఆ ముచ్చట నాలుగు రోజులైనా నిలవలేదు. తడి తువ్వాలు మంచం మీద పడేశాడని మళ్ళీ మొదలైంది.

"అమ్మా, నా చొక్కా ఎక్కడుందో అడుగు."

"అత్తయ్యా, తడి తువ్వాలు కింద వెతుక్కోమనండి."

పెద్దావిడకి ఏం చెయ్యాలో తోచట్లేదు. చదివేవాళ్ళలో బుర్ర ఉన్నవాళ్ళెవరైనా ఉంటే, ఏదైనా ఉపాయం చెప్పి పుణ్యం కట్టుకోండి బాబూ.

రెండోసారి మేడెక్కి రిసీవర్ తిప్పే ఓపిక నాకు లేదు.