జున్ను వెనక్కి

యంత్రాలన్నీ ఇంగ్లీషు ముక్క లేకుండా మాట్లాడాలని చట్టం వచ్చాక, తెనాలిలో భ్రమరాంబ ఇంటి ఫ్రిజ్జుకు మర్యాద మరీ ఎక్కువైంది. ఆ పొద్దున ఆవిడ చీజు దోసె తింటుంటే అది గొంతు సవరించుకుంది.

“అమ్మా, మీ ఇంట్లో జున్ను ఉందా?”

“ఉంది. ఇప్పుడే ఉయ్యాల్లో పడుకుంది,” అందావిడ. మనవరాలి ముద్దుపేరు జున్ను.

“దాన్ని ఎవరైనా కొరికారా?”

“ఆ బుగ్గలు చూస్తే ఆగుతామా!”

“పుల్లటి వాసన వస్తోందా?”

“పాలు కక్కితే రాదూ మరి!”

“అయ్యో! అందులో సూక్ష్మక్రిములు చేరాయి. తయారుచేసినవాళ్ళు వెనక్కి తీసుకుంటున్నారు. బండి వచ్చేసింది.”

మంచుపెట్టె మోసుకుంటూ ఒక మరబండి గుమ్మం దాటి దొర్లుకొచ్చి, ఉయ్యాల వైపు చెయ్యి చాచింది. భ్రమరాంబ చేతిలో దోసెతోనే అడ్డం పడింది.

“తయారుచేసింది మా కోడలే! వెనక్కి తీసుకోడానికి వీళ్ళెవరు?”

ఫ్రిజ్జు కంగారుపడింది. “పిల్ల కాదమ్మా! పాలు విరిచి, గడ్డకట్టించి, పలకల్లా కోసి అమ్ముతారే, అది. దోసెల మీద కూడా వేస్తారు.”

ఆవిడ నోట్లో ముద్ద అక్కడే ఆగిపోయింది. “చీజని ఏడవొచ్చుగా!”

బండి ఉయ్యాలను వదిలేసి, మంచుపెట్టె మూత ఆవిడ వైపు తెరిచింది.